సుడిదోమ లెక్కలో 180 ఎలా 3 అయింది: ఒక కేస్ స్టడీ

పురుగుల శాస్త్రం నాకు రాదు. స్టాటిస్టిక్స్ చదువుకుని, చాలా ఏళ్ళుగా ఆసుపత్రుల డేటా మీద పని చేస్తున్నాను. ఈ కేసు నా దగ్గరికి తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళ ద్వారా వచ్చింది. రెండు వానాకాలాలు నడిచింది. ఊరు, సంస్థ, మనుషుల గుర్తులు తీసేశాను, అంకెలు కొద్దిగా మార్చాను. లెక్క ఎక్కడ తప్పింది, ఎలా దారికి వచ్చింది అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

కృష్ణా ఆయకట్టు కింద వరి. సుడిదోమ సంగతి వరి పండించేవాళ్ళకు చెప్పక్కర్లేదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. ఒకరోజు చూసేసరికి మధ్యలో గుండ్రంగా ఎండిపోయి ఉంటుంది. దీనికి వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం. గాలీ వెలుతురూ మొదళ్ళదాకా పోతాయి, మందు కొట్టాల్సి వస్తే అది కూడా మొదట్లోకి చేరుతుంది.

రైతులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. 220 సెంటీమీటర్లలో 20 అంటే పదకొండో వంతు నేల. వదిలిన నేలకు తగిన ఫలితం ఉంటుందా అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దానికి అంకెలతో జవాబు చెబుదామని ఒక చిన్న బృందం ఆరు పొలాలు తీసుకుంది. మూడింటిలో బాటలు తీశారు, మూడింటిలో తీయలేదు. ఒక్కో పొలంలో 60 దుబ్బులు చూసి దోమల్ని లెక్కపెట్టారు. అంటే అటు 180, ఇటు 180.

బాటలు లేని పొలాల్లో దుబ్బుకు సగటున 9.2 దోమలు, బాటలున్న పొలాల్లో 6.4.

బృందంలో పురుగుల శాస్త్రవేత్త ఒక గురువారం సాయంత్రం ఫోన్ చేశారు. సోమవారం లోపు సదస్సుకు పేపర్ పంపాలట. "టేబుల్ రెడీగా ఉంది మేడమ్. పి-వాల్యూ ఒక్కటి చూసి సరే అనండి, పంపేస్తాం." ఆయన వేసిన లెక్కలో తేడా 2.8, దాని స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ అంచనా కాకతాళీయంగా అటూ ఇటూ ఊగే మోతాదు, 0.294. తేడా తన ఎర్రర్‌కు తొమ్మిదిన్నర రెట్లు. పి-వాల్యూ, అంటే బాటల వల్ల ఏ మార్పూ లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం, దశాంశ బిందువు తర్వాత సున్నాలే సున్నాలు.

ఆసుపత్రి డేటాలో ఇంత స్పష్టమైన ఫలితం కనిపిస్తే నాకు సంతోషం కలగదు, అనుమానం వస్తుంది. ఫైలు పంపమన్నాను.

గుర్రపు తన్నులు, దోమలు

ఆయన వాడింది పాయిజాన్ మోడల్. లెక్కపెట్టే అంకెలంటే పాయిజాన్ అని క్లాసులో చెప్తాం కాబట్టి ఆ తప్పులో మా వాటా కూడా ఉంది. క్లాసులో దీనికి ఇచ్చే ఉదాహరణ 1898 నాటి బోర్ట్‌కీవిచ్ లెక్క: ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికులు. పది దళాలు, ఇరవై ఏళ్ళు, అంటే 200 దళ-సంవత్సరాలు. మొత్తం మరణాలు 122, సగటు 0.61. ఒక్క మరణం కూడా లేని దళ-సంవత్సరాలు పాయిజాన్ ప్రకారం 108.7 ఉండాలి, నిజంగా 109 ఉన్నాయి. చూస్తే ముచ్చటేస్తుంది.

అంత చక్కగా ఎందుకు కుదిరిందో మాత్రం క్లాసులో ఆగి చెప్పం. ఒక దళంలో ఒక గుర్రం తన్నితే, పక్క గుర్రానికి తన్నాలన్న ఊపు రాదు. ఒక సంఘటనకూ ఇంకోదానికీ సంబంధం లేదు. అలాంటి చోట సగటు ఎంతో విస్తృతి, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే వేరియన్స్, దాదాపు అంతే ఉంటుంది. నేను ఆ ఎక్సెల్ షీటులో మొదట చూసింది అదే. బాటలు లేని పొలాల్లో సగటు 9.2, విస్తృతి 94. పది రెట్లు.

అంకెలు అలా ఎందుకు చెదిరాయో ఫైలులో తెలియదు. శనివారం పొద్దున బస్సెక్కి పొలానికి పోయాను. ఇది అలవాటు కొద్దీ చేసిన పని. ఆసుపత్రి డేటాలో కూడా బీపీ ఎవరు, ఏ గదిలో, ఏ పట్టీతో చూశారో కళ్ళతో చూశాకే కంప్యూటర్ ముందు కూర్చుంటాను.

గట్టు మీద కూర్చున్న పెద్దాయనతో, దోమ చేనంతా ఒకేలా ఉండదా అని అడిగాను. నవ్వాడు. "సుడిదోమ అని ఊకెనే పేరు వెట్టిన్రా బిడ్డా? ఒక్కకాడ మొదలైతది, గుండ్రంగ తిరుక్కుంట పోతది."

పేరులోనే ఉంది. పొట్టి రెక్కల ఆడ దోమ ఎగరలేదు. ఉన్న దుబ్బులోనే ఆకు తొడిమలో గుడ్లు పెడుతుంది, పిల్లలు అక్కడే పెరుగుతాయి. ఒక దోమ ఉన్నచోట ఇంకొన్ని ఉండే అవకాశం ఎక్కువ. గుర్రపు తన్నుల మోడల్‌కు ఇది పూర్తిగా వ్యతిరేకం.

దీనికి తగిన మోడల్ నెగెటివ్ బైనామియల్, తెలుగు మీడియం పుస్తకాల భాషలో రుణ ద్విపద విభాజనం. ఇందులో సగటుతో పాటు కె అనే ఇంకో అంకె ఉంటుంది. కె చిన్నదైన కొద్దీ గుంపులు ఎక్కువ. ఇక్కడ కె దాదాపు 1 వచ్చింది. కొత్త కనుగోలేమీ కాదు. ఆపిల్ ఆకుల మీద నల్లుల లెక్కతో బ్లిస్, ఫిషర్ 1953లోనే ఇది చూపించారు. అంటే పురుగుల శాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్నదాన్నే నేను పోయి మా శాస్త్రవేత్తకు చెప్పాను. నాకు ఇది పరిచయమైంది మాత్రం అంటువ్యాధుల వైపు నుంచి. 2003 సార్స్‌లో ఒక్కో రోగి ఎంతమందికి అంటించాడన్న లెక్కకు 2005లో ఇదే మోడల్ వాడితే కె సుమారు 0.16 వచ్చింది. ఎక్కువ మంది రోగులు ఎవరికీ అంటించలేదు, కొద్దిమంది మాత్రం చాలామందికి అంటించారు. కోవిడ్ రోజుల్లో సూపర్ స్ప్రెడర్ అన్న మాట ఇంటింటికీ తెలిసింది కదా, అదే.

కొత్త మోడల్‌తో స్టాండర్డ్ ఎర్రర్ 0.294 నుంచి 0.89కి పెరిగింది. తొమ్మిదిన్నర రెట్లు కాస్తా మూడుకు చిల్లర అయింది. "అయినా సిగ్నిఫికెంటే కదా మేడమ్" అన్నారు ఆయన. ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది.

ఇంతలో ఇంకో లాభం కనిపించింది. మందు కొట్టాలా వద్దా తేల్చడానికి ఎన్ని దుబ్బులు చూడాలి? దుబ్బుకు 10 దోమలున్న చేలో, సగటు అంచనా ఎర్రర్ నాలుగో వంతుకు మించకూడదనుకుందాం. పాయిజాన్ అయితే రెండు దుబ్బులు చూసి ఇంటికి పోవచ్చు అంటుంది. కె 1 అయితే 18 చూడాలి. రెండు దుబ్బులు చూసి మందు తెచ్చే రైతును నేనైతే చూడలేదు.

తోసిపుచ్చినవి

దోమల అంకెలకు లాగ్ (లాగరిథమ్) తీసి సగటు చూద్దామన్నారు. వద్దన్నాను. మందు ఎప్పుడు కొట్టాలన్న సిఫారసు దుబ్బుకు ఇన్ని దోమలని మామూలు సగటులో ఉంటుంది. లాగ్‌ల సగటును వెనక్కి తిప్పితే ఆ అంకె రాదు, తక్కువ వస్తుంది. అదీకాక సున్నాకు లాగ్ లేదు కాబట్టి అన్నిటికీ 1 కలపాలి. ఆ 1 ఎందుకు, అర ఎందుకు కాదు అంటే జవాబు లేదు.

రెండోది మాత్రం నన్ను దాదాపు బోల్తా కొట్టించింది. 360 దుబ్బుల్లో 71 చోట్ల సున్నా ఉంది. నెగెటివ్ బైనామియల్ ప్రకారం 42 దాకా రావాలి. ఇలా సున్నాలు మిగిలిపోతే వాడే మోడల్ ఒకటుంది, జీరో ఇన్‌ఫ్లేటెడ్ అంటారు. కొన్ని సున్నాలు మామూలువి, కొన్ని అసలు దోమ రాలేని దుబ్బులవి అని రెండుగా విడదీస్తుంది. పెట్టి చూశాను. అన్ని కొలతల్లోనూ ముందుదానికంటే బాగా కుదిరింది. అక్కడితో ఆగితే పేపరుకు ఒక అందమైన పేరా అయ్యేది.

కానీ ప్రశ్న మిగిలింది. ఒకే చేలో, ఒకే రకం వరిలో, దోమ ఎప్పటికీ రాలేని దుబ్బు అంటే ఏమిటి? శాస్త్రవేత్తను అడిగితే అలాంటిది ఉండదన్నారు. అయితే ఆ సున్నాలు ఎక్కడివి? షీట్లు తిరగేస్తే, 71లో 40 ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఆ షీట్లు రాసిన మనిషి రెండు పొలాలు చూశాడు, అటొకటి ఇటొకటి.

పొలంలో ఇద్దరు లెక్కపెట్టేవాళ్ళనూ గమనించాను. ఒకతను నడుం వంచి, దుబ్బును రెండు చేతులతో విడదీసి, మొదట్లోకి ముఖం పెట్టి చూస్తాడు. అరచేత్తో రెండు దెబ్బలు వేసి నీళ్ళ మీద పడ్డవాటిని కూడా లెక్కపెడతాడు. ఇంకొకాయన దుబ్బు కొసలు పట్టుకుని వంచి, నిలబడే చూసి రాసుకుంటున్నాడు. నడుం నొప్పట. వంగితే మళ్ళీ లేవడం కష్టమట. మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు, పని పోతుందని.

నా మోడల్ దోమ రాలేని దుబ్బులని చెప్పినవి ఆయన వంగలేని దుబ్బులు. ఆయన చూసిన రెండు పొలాల సగటులే రెండు వైపులా అన్నిటికంటే తక్కువ. ఏ మోడల్ పెట్టినా ఆ దోమల్ని ఇప్పుడు వెనక్కి తేలేం. జీరో ఇన్‌ఫ్లేటెడ్ ఫైలు పక్కన పెట్టేశాను.

అసలు చిక్కు

ఇన్ని చేశాక, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను: బాటలు ఏ పొలంలో తీయాలో ఎవరు నిర్ణయించారు? "ఎవరు ఒప్పుకుంటే వాళ్ళ పొలంలో" అన్నారు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒప్పుకున్న రైతు యూరియా కూడా ఆచితూచి వేసేవాడై ఉండొచ్చు. నత్రజని ఎక్కువైతే సుడిదోమ పెరుగుతుందని వాళ్ళందరికీ తెలుసు. అప్పుడు తగ్గించింది బాటా, యూరియానా? రెండోది, బాట తీసేది పొలానికి, దుబ్బుకు కాదు. ఒక పొలంలో 60 దుబ్బులు చూసినా ఆ 60కీ నీరు ఒకటే, రైతు ఒకడే, లెక్కపెట్టిన మనిషీ ఒకడే. ఆసుపత్రుల వైపు ఇది నాకు బాగా పరిచయం. ఊళ్ళ వారీగా మందు పంచిన ట్రయల్‌లో వేలమంది మనుషులున్నా, పోల్చాల్సింది ఊళ్ళని. పర్యావరణ శాస్త్రంలో దీన్ని సూడోరెప్లికేషన్ అంటారు, 1984లో హర్ల్‌బర్ట్ దాని మీద గట్టిగా రాశాడు. పేర్లు వేరు, పొరపాటు ఒకటే.

పొలాల సగటులు ఇవి. బాటలున్నవి 3.1, 6.0, 10.1. లేనివి 5.2, 8.6, 13.8. కాగితం మీద కూడా కనిపిస్తుంది, ఒక గుంపులోని పొలాల మధ్య తేడా ముందు గుంపుల మధ్య తేడా చిన్నబోతోంది. మూడు అటు, మూడు ఇటుగా టి-టెస్ట్, అంటే రెండు గుంపుల సగటులను పోల్చే పరీక్ష, చేస్తే ఎర్రర్ 3.22. తేడా 2.8 దాన్ని కూడా దాటలేదు. పి-వాల్యూ 0.4 పైన.

ఒకే డేటా. తొమ్మిదిన్నర, మూడు, ఒకటి కంటే తక్కువ.

ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పలేదు, ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అంటే ఏడాది పని వృథానా మేడమ్?" కాదన్నాను, ఓదార్పుకు కాదు. రెండో ఏడాది ఎలా చేయాలో ఆ 360 దుబ్బులే చెప్పాయి. ఒకే పొలంలోని దుబ్బులు ఒకదాన్నొకటి పోలి ఉండే మోతాదు 0.19 దాకా వచ్చింది. ఆ లెక్కన 180 దుబ్బులు విడివిడి పొలాల నుంచి తెచ్చిన ఓ 15 దుబ్బుల పెట్టు. పొలాలు ఆరే ఉంచి ఒక్కోదాంట్లో 1000 దుబ్బులు చూసినా ఎర్రర్ 3.22 నుంచి సుమారు 3.1కి దిగుతుంది, అంతే. నడుములు పడిపోతాయి, జవాబు రాదు.

పేపర్ పంపలేదు. ఆ నిర్ణయం ఆయనది, ఆయన పైవాళ్ళతో మాట పడి మరీ తీసుకున్నారు.

రెండో వానాకాలం

ఈసారి ఎనిమిది పొలాలు. ప్రతి పొలాన్నీ రెండు సగాలు చేసి, ఏ సగంలో బాటలు తీయాలో రైతు ముందే నాణెం వేసి తేల్చాం. ఒకచోట నాణెం బురదలో నిలువుగా గుచ్చుకుంది. బొమ్మా కాదు బొరుసూ కాదు. రైతు తన భుజం మీది కండువా పరిచి, దాని మీద మళ్ళీ వేయమన్నాడు.

పొలాన్ని చీల్చడం వల్ల రైతు అలవాట్లు, నీరు, నేల రెండు సగాలకూ సమానం. పొలాలకు పొలాలకు మధ్య ఉన్న పెద్ద తేడా లెక్కలోంచి తప్పుకుంటుంది. ఒక పొలంలో రెండు సగాలూ ఒకే మనిషి చూడాలని రూలు పెట్టాం. ఎవరైనా తక్కువ చూసినా రెండు వైపులా తక్కువే చూస్తారు, నిష్పత్తి పెద్దగా కదలదు. నడుం నొప్పి ఆయన్ను షీటు రాసే పనిలో పెట్టారు, జీతం తగ్గించకుండా. దోమ ఒక సగం నుంచి ఇంకో సగంలోకి పోదా అన్నది నా భయం. పోతుంది. మధ్య గీతకు అటు 3 మీటర్లు, ఇటు 3 మీటర్లు లెక్కలోకి తీసుకోలేదు. అయినా కొంత పోతుంది, పోతే తేడా నిజంకంటే చిన్నగా కనిపిస్తుంది. ఆ వైపు తప్పు పడటానికి ఒప్పుకున్నాం. సగానికి 30 చొప్పున, పొలానికి పాత 60 దుబ్బులే.

ఈ పద్ధతంతా ఆసుపత్రుల నుంచి తెచ్చి ఇస్తున్నట్టు నేను ఉత్సాహంగా చెప్తుంటే శాస్త్రవేత్త ఆపారు. "ఇది మా దగ్గర పుట్టిందే కదా మేడమ్." నిజమే. ఫిషర్ 1919లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరాక, పొలాల్ని బ్లాకులుగా చీల్చి చీటీలేసి పంచే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. వైద్యంలో దాన్ని స్థిరపరిచిన, క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్ వచ్చింది 1948లో. అప్పు తెచ్చిన వస్తువును అసలు ఓనరుకే అప్పిస్తున్నాను.

ఇంకో విషయం తేలలేదు, తేల్చడానికి ప్రయత్నించనూ లేదు. గుంపులు రెండు రకాలుగా పుట్టొచ్చు. 1920లో గ్రీన్‌వుడ్, యూల్ ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీలో పనిచేసే 647 మంది మహిళల ప్రమాదాల లెక్క చూశారు. ఒక్క ప్రమాదం కూడా జరగనివాళ్ళు పాయిజాన్ ప్రకారం 406 ఉండాలి, 447 ఉన్నారు. కొందరికి ప్రమాదం జరిగే స్వభావమే ఎక్కువ అనుకుంటే నెగెటివ్ బైనామియల్ వస్తుంది. ఒక ప్రమాదం జరిగాక ఇంకోటి జరిగే అవకాశం పెరుగుతుంది అనుకున్నా అదే వస్తుంది. ఒక్కసారి లెక్కపెట్టిన అంకెలు చూసి ఇది ఏ కథో చెప్పలేమని 1943లో ఫెల్లర్ వివరించాడు. మా దోమలకూ అంతే. నత్రజని ఎక్కువ పడ్డ మడి ముక్కలో చేరాయా, ఒక తల్లి దోమ దగ్గర పెరిగాయా? మొదటిదైతే ఎరువు సర్దాలి, రెండోదైతే పొట్టి రెక్కల ఆడవి కనిపించిన రోజు నుంచే జాగ్రత్త పడాలి. తేలాలంటే అవే దుబ్బులకు జెండా కట్టి వారం వారం చూడాలి. దానికి డబ్బులు లేవు.

ఫలితం

బాటలున్న సగానికీ లేని సగానికీ దోమల నిష్పత్తి ఎనిమిది పొలాల్లో ఇలా వచ్చింది: 0.62, 0.81, 0.55, 1.08, 0.74, 0.69, 0.90, 0.66. లాగ్ ఇక్కడ వాడాను. నిష్పత్తులకు అది సరైన చోటు, సున్నాల గొడవ కూడా లేదు. సగటు 0.74, అంటే 26 శాతం తగ్గుదల. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 11 నుంచి 38 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పొలాల తేడాను కూడా కలుపుకున్న పెద్ద నెగెటివ్ బైనామియల్ మోడల్ కూడా పెట్టి చూశాను, దాదాపు ఇదే వచ్చింది. రిపోర్టులో ఎనిమిది అంకెల లెక్కే ముందు పెట్టాం. కాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు.

రైతుల మీటింగులో మొదటి ప్రశ్న బస్తాల గురించే వచ్చింది. ఎనిమిదింటిలో ఐదు పొలాల్లో హార్వెస్టర్ రెండు సగాల వడ్లనూ ఒకే ట్రాక్టర్‌లో కుమ్మరించింది. మిగిలిన మూడింటితో ఏమీ చెప్పలేమన్నాం. పదకొండో వంతు నేల ప్రశ్న అలాగే ఉంది.

రిపోర్టు పంపే ముందు రోజు శాస్త్రవేత్త ఫోన్ చేశారు. 1.08 వచ్చిన పొలంలో, బాటలున్న సగానికి పొరపాటున యూరియా రెండుసార్లు వేశారని తెలిసింది. "ఆ పొలం తీసేద్దామా మేడమ్? కారణం కూడా ఉంది కదా." తీసేస్తే తగ్గుదల 30 శాతం అయ్యేది. మిగతా ఏడు పొలాల్లో ఎవరు ఎంత యూరియా వేశారో ఇంత వెతికామా అని అడిగాను. వెతకలేదన్నారు. పొలం ఉంచాం, 26 అనే రాశాం, కింద యూరియా సంగతి ఒక వాక్యం చేర్చాం.